34 ఏళ్ల తర్వాత మళ్లీ బండ మీదికి

పంతొమ్మిదేళ్లు నేను ఉప్పల్ నుంచి భువనగిరి అవతలి హైస్కూలుకు బస్సులో వెళ్లొచ్చాను. బయాలజీ చెప్పేదాన్ని. బస్సు భువనగిరి దగ్గరపడుతుందనగా ఆ గుట్ట కనిపిస్తుంది. మొత్తం ఒకటే రాయి, కోడిగుడ్డులా నున్నగా, పైన కోట గోడ. కిటికీ సీటు దొరికిన రోజున నా కళ్లు ఆ బండ మీద దారి వెతికేవి. ఆ పగులులో చెయ్యి పెడితే, ఆ వాలు మీద కాలు నిలిస్తే, అక్కణ్నుంచి ఎడమకు జరిగితే... రాక్ క్లైంబింగ్ వదిలేసినవాళ్లకు ఈ చూపు మాత్రం పోదు. ఇది చదువుతున్న మీకూ ఉండే ఉంటుంది.

నేను పుట్టింది 1964లో, హనుమకొండలో. పద్మాక్షి గుట్ట మీద ఆడుకుంటూ పెరిగాను. డిగ్రీలో ఎన్‌సీసీలో చేరాను. 1984 మే 23న బచేంద్రి పాల్ ఎవరెస్ట్ ఎక్కారు. ఆ మరుసటి ఏడాదే ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు చేసే అవకాశం నాకు వచ్చింది. టేఖ్లా దగ్గరి రాళ్ల మీద మాకు ఎక్కడం నేర్పారు. తిరిగొచ్చాక మూడేళ్లు, వీలు దొరికినప్పుడల్లా ఎక్కాను. 1988లో పెళ్లి, ఆ వెంటనే ఉద్యోగం, పిల్లలు. తాడు అటక మీదికి వెళ్లింది.

2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి రాయి ఎక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే అని తెలిసి మా బడి పిల్లలు పొంగిపోయారు. జూన్‌లో బడి తెరవగానే ఒకమ్మాయి, "టీచర్, మీరెప్పుడన్న గుట్ట ఎక్కిన్రా?" అని అడిగింది. ఎక్కానని చెప్పాను. చెప్పిన తర్వాత కూడా మళ్లీ ఎక్కడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

2022 నవంబరులో ఒక ఆదివారం పొద్దున గుట్ట మొదట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. మామూలు స్పోర్ట్స్ షూ వేసుకున్నాను. బండ మీద అరచెయ్యి ఆనించగానే కాళ్లు వాటంతట అవే కదిలాయి. పది పన్నెండు అడుగులు ఎంత తేలిగ్గా ఎక్కానంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత కిందకి చూశాను. ప్రోగ్రెసివ్ కళ్లద్దాల కింది భాగంలోంచి నా పాదాలు మసగ్గా కనిపించాయి. ఏ కాలు ముందు దించాలో తెలియలేదు. పిక్కలు కుట్టుమిషను తొక్కినట్టు వణకడం మొదలుపెట్టాయి. పక్కన పిల్లలకు శిక్షణ ఇస్తున్న ఒక కుర్రాడు పరుగున వచ్చి, "అమ్మా, కదలకండి" అని నా మడమ పట్టుకుని, ఒక్కో కాలూ ఎక్కడ పెట్టాలో చెబుతూ కిందకి దించాడు.

ఈ మూడేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ రోజు దగ్గరే మొదలైంది. మనసుకు ఎక్కడం ఒక్క నిమిషంలో గుర్తొస్తుంది. కండ రెండు మూడు నెలల సాధనకు తిరిగి వస్తుంది. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాలు ఉన్నాయే, డాక్టర్లు టెండాన్లు అంటారు, వాటికి రక్తప్రసారం తక్కువ. అవి గట్టిపడడానికి ఏడాది పైనే పడుతుంది. దెబ్బలన్నీ ఈ తేడాలోనే తగులుతాయి. అసలు ఎప్పుడూ ఎక్కనివాళ్లు భయపడుతూ నెమ్మదిగా మొదలుపెడతారు కాబట్టి వాళ్లకు ప్రమాదం తక్కువ. మనకే ఎక్కువ. అందుకే నా అనుభవంలో దేన్ని నమ్మొచ్చో, దేన్ని నమ్మకూడదో వివరంగా రాస్తున్నాను.

ముందు డాక్టరు దగ్గరికి

వెళ్లి "వ్యాయామం చెయ్యొచ్చా" అని అడిగితే "నడవండి" అంటారు. అలా అడగకండి. "రాక్ క్లైంబింగ్ మళ్లీ మొదలుపెడుతున్నాను, చేతులు తల పైకెత్తి బరువు లాగాలి, ఒక్కోసారి గట్టిగా పట్టు బిగించాలి" అని చెప్పండి. పట్టు బిగించి, ఊపిరి కూడా బిగపట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే బీపీ అదుపులో ఉందా, గుండె ఆ ఒత్తిడి తట్టుకుంటుందా అన్నది ముందు తేలాలి. నాకు ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష, షుగర్, విటమిన్ డి చేయించారు. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ నేనే అడిగి చేయించుకున్నాను. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో ఎముక తొందరగా పలచబడుతుంది. పడే అవకాశం ఉన్న ఆటలోకి దిగుతూ ఆ సంగతి తెలుసుకోకపోతే ఎలా? నాకు విటమిన్ డి బాగా తక్కువని తేలింది. మందులు వాడాక గానీ బండ ముట్టుకోలేదు.

రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు ఆ మాట డాక్టరుకూ చెప్పాలి, నేర్పేవాళ్లకూ చెప్పాలి. తలకు తగిలే చిన్న దెబ్బ కూడా వాళ్లకు చిన్నది కాదు. షుగర్ ఉన్నవాళ్లకు భుజం పట్టేయడం ఎక్కువ. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. గోడకు వీపు ఆనించి నిలబడి, నడుము వంచకుండా రెండు చేతులూ పైకెత్తండి. బొటనవేళ్లు గోడకు తగలాలి. తగలకపోయినా, సగంలోనే నొప్పి పుట్టినా ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. బండ ఎక్కడికీ పోదు. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్లు.

ఎక్కేటప్పుడు ఊపిరి బిగపట్టే అలవాటు పోవడానికి నాకొక పద్ధతి ఉంది. పైకి వినపడేలా ఎక్కాలు చదువుతాను. పదమూడో ఎక్కం చదువుతూ ఊపిరి బిగపట్టడం ఎవరివల్లా కాదు. కింద తాడు పట్టుకున్నవాళ్లకు కూడా నేను బాగానే ఉన్నానని తెలుస్తుంది.

ఇంట్లో మూడు నెలలు

జిమ్‌లో చేరక్కర్లేదు. మన ఇళ్లలో పాతకాలం అలవాట్లే సగం పని చేస్తాయి. గొంతుక్కూర్చోవడం, నేల మీద సక్లముక్లం కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవడం. ఈ రెండూ వచ్చినవాళ్ల తుంటి కీళ్లు బండ మీద ఎత్తుగా ఉన్న మెట్టుకు కాలు ఎత్తగలవు. డైనింగ్ టేబుల్, వెస్ట్రన్ టాయిలెట్ వచ్చాక మా ఇంట్లో ఈ రెండూ పోయాయి. నేను మళ్లీ నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టాను. మొదటి వారం మోకాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. కుర్చీ పట్టుకుని సగం దాకా దిగాను. నెలన్నరకు పూర్తిగా కూర్చోగలిగాను. మోకీలు బాగా అరిగినవాళ్లు మాత్రం దీన్ని బలవంతంగా చేయకండి.

పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. ముందు కళ్లు తెరిచి, అలవాటయ్యాక కళ్లు మూసి, గోడ అందుబాటులో ఉంచుకుని. మేడ మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమ దించి ఎత్తడం, రోజుకు 15 చొప్పున మూడుసార్లు. వంటగట్టు మీద చేతులు ఆనించి పుషప్స్ చేయండి. లాగే కండరాలకు బండ మీదే పని దొరుకుతుంది. నెట్టే కండరాలను మనం పెంచకపోతే భుజం ముందుకు వంగిపోతుంది.

వేళ్లకు బియ్యం డబ్బా. డబ్బాలో చెయ్యి మణికట్టు దాకా దించి, బియ్యం లోపలే వేళ్లను పూర్తిగా విప్పండి, మూయండి. రెండు నిమిషాలు. పిడికిలి మూసే కండరాలు అందరికీ బలంగానే ఉంటాయి, విప్పే కండరాలే బలహీనంగా ఉండి మోచేతి నొప్పి తెస్తాయి. ఇక వేలాడడం. గుమ్మానికి బిగించిన రాడ్డు పట్టుకుని, కాళ్లు స్టూలు మీదే ఉంచి, ఒంటి బరువులో సగమే చేతుల మీద వేసి పది సెకన్లు. అంతకంటే ఎక్కువ మొదటి నెలలో వద్దు.

తిండి గురించి ఒక్క మాట. నేను కోర్సుకు వెళ్లినప్పుడు 47 కిలోలు, మళ్లీ మొదలుపెట్టినప్పుడు 63. తగ్గాలని కడుపు మాడ్చుకోలేదు. అన్నం కొంచెం తగ్గించి గుడ్డు, పప్పు, పెరుగు పెంచాను. ఈ వయసులో తిండి మానేస్తే కొవ్వుతోపాటు ఉన్న కాస్త కండ కూడా పోతుంది.

అటక మీది తాడు

మీ అటక మీద కూడా ఒకటి ఉంటే ఇప్పుడే దించండి. దించి, కత్తిరించండి. నాకు ఇది చాలా కష్టమైంది. ఎరుపు, తెలుపు గీతల తాడు. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. కానీ నైలాన్ వాడకపోయినా వయసుతో పాడవుతుంది. బట్టతో, నైలాన్‌తో చేసిన సామాను వాడకపోయినా గరిష్ఠంగా పదేళ్లే అని చాలా తయారీ కంపెనీలు చెబుతాయి. నేను నాలుగు ముక్కలు చేశాను. అంత పొడుగు తాడు కనిపిస్తే రేపు మా మనవడో, ఇంకొకరో నమ్మి వాడొచ్చు కదా. ఒక ముక్క మాత్రం ముడులు సాధన చేయడానికి ఉంచుకున్నాను.

ముడులు నా చేతులు మర్చిపోలేదు. కానీ పద్ధతులు మారిపోయాయి. మా రోజుల్లో చాలాసార్లు తాడును నేరుగా నడుముకే కట్టుకునేవాళ్లం. కిందున్నవాళ్లు తాడును వీపు చుట్టూ తిప్పి, తోలు గ్లౌజులతో పట్టుకుని బిలే ఇచ్చేవాళ్లు, అంటే ఎక్కేవాళ్లు జారితే కిందపడకుండా తాడు బిగపట్టేవాళ్లు. ఇప్పుడు నడుముకూ తొడలకూ కలిపి ఉండే హార్నెస్, దానికి బిలే పరికరం. 1991లో వచ్చిన గ్రిగ్రి లాంటివి తాడు ఒక్కసారిగా లాగినప్పుడు బిగుసుకుని సాయం చేస్తాయి. వీటిని "మాకు తెలుసు" అనుకుని చేతిలోకి తీసుకోకండి. నేను సాధన కోసం వెళ్లే ఇండోర్ క్లైంబింగ్ గోడ దగ్గర మొదటి రోజే చెప్పాను: "నాకు 1985లో నేర్పారు, ఆ పద్ధతులు ఇప్పుడు పనికిరావు, ఏమీ తెలియనిదానిలా మొదటి నుంచి నేర్పండి." నేర్పే అబ్బాయికి నా మనవడి వయసు కాదు గానీ కొడుకు వయసు కూడా లేదు. చాలా ఓపికగా నేర్పాడు.

మారనిది ఒకటుంది. బ్రేక్ పట్టే చెయ్యి తాడు వదలకూడదు. పరికరం ఏదైనా సరే.

కట్టుకునే ముడి ఫిగర్ ఎయిట్. తెలుగులో ఎనిమిది అంకె ఎలా రాసినా, ఈ ముడి మాత్రం ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. తాడు ఆ దారిలోనే వెనక్కి తిరిగి రావాలి, జంట గీతలు ఎక్కడా ఒకదాన్నొకటి దాటకూడదు, చివర జానెడు తోక మిగలాలి. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోండి. నడుము బకిల్, ముడి, బిలే పరికరంలో తాడు సరైన వైపు ఉందా, కారాబినర్ (పరికరాన్ని హార్నెస్‌కు తగిలించే లోహపు కొక్కెం) లాక్ పడిందా. కంటితో చూడడం చాలదు, చేత్తో తాకి లాగి చూడాలి. వందసార్లు చేసినవాళ్లయినా సరే. అనుభవం ఉన్నవాళ్లే కబుర్లలో పడి ముడి సగంలో వదిలేస్తారు. ముడి వేసేటప్పుడు నాతో ఎవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆగమంటాను.

బరువు తేడా కూడా చూసుకోండి. మీకంటే పాతిక ముప్పై కిలోలు ఎక్కువున్నవాళ్లు పడితే బిలే ఇస్తున్న మీరు గాల్లోకి లేస్తారు. కింద మిమ్మల్ని యాంకర్‌కు, అంటే కదలకుండా బిగించిన ఆధారానికి కట్టమనండి, లేదా మీ బరువుకు దగ్గరివాళ్లను జత చేయమని అడగండి.

ఆడవాళ్లకు కొన్ని మాటలు. ఉంగరాలు, గాజులు తీసేయాలి. రాతి మొనకు ఉంగరం తగులుకుంటే వేలి చర్మం ఊడివచ్చేంత దెబ్బ తగులుతుంది. నల్లపూసలు బయటికి వేలాడకూడదు. తీయడం ఇష్టం లేకపోతే టీషర్టు లోపల ప్లాస్టర్‌తో అంటించుకోండి. క్లైంబింగ్ షూ బిగుతుగా ఉంటాయి, మెట్టెలతో వేసుకుంటే పక్క వేలు కోసుకుపోతుంది. నేను ఆ పూటకు తీసి డబ్బాలో పెట్టుకుంటాను. జడ వదిలేయకుండా ముడి చుట్టుకోండి, లేకపోతే బిలే పరికరంలో ఇరుక్కుంటుంది. షూ సైజు పాతది గుర్తుంచుకుని కొనకండి. వయసుతో పాదం వెడల్పవుతుంది. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వేసుకుని చూసి, అడుగు చదునుగా ఉన్న రకం తీసుకోండి. నేను ఎన్‌సీసీలో కాన్వాస్ బూట్లతో ఎక్కినదాన్ని. ఈ రబ్బరు బండను పట్టుకునే తీరు చూసి మొదటి రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

కాళ్లను నమ్మండి

మన దక్కన్ గ్రానైట్ పెద్ద వయసువాళ్ల కోసమే పుట్టినట్టుంటుంది. చాలా చోట్ల నిట్టనిలువుగా కాకుండా వాలుగా ఉంటుంది, దాన్నే స్లాబ్ అంటారు. పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. గరుకుతనం మీద పాదం ఆనించి నిలబడాలి. బలంకంటే నిలకడకు, తొందరకంటే ఓపికకు పని. ఇరవై ఏళ్లప్పుడు నేను చేతులతో లాక్కుంటూ ఎక్కేదాన్ని. ఇప్పుడే నిజంగా కాళ్లతో ఎక్కుతున్నాను, అప్పటికంటే అందంగా ఎక్కుతున్నానని నా నమ్మకం.

భయమేస్తే ఒళ్లు బండకు అతుక్కోవాలని చూస్తుంది. అలా అతుక్కుంటే బరువు పాదాల మీద నుంచి తప్పుకుని కాలు జారుతుంది. నడుము బండకు కొంచెం దూరంగా, బరువు సరిగ్గా పాదాల పైన ఉండాలి. మడమ కిందకి దించండి. అప్పుడు రబ్బరు ఎక్కువ భాగం రాయికి ఆనుతుంది, పిక్క వణుకు కూడా తగ్గుతుంది. అడుగులు చిన్నవిగా వేయండి. ఒక పెద్ద అడుగు బదులు మూడు చిన్న అడుగులు. పాదం ఎక్కడ పెట్టాలో చూసి, పెట్టి, దాని మీద బరువు పడేదాకా కన్ను తిప్పకండి. సగంలో పైకి చూసేయడం అందరూ చేసే తప్పు.

గోడ మీద సాధన చేసేటప్పుడు నేను రెండు పనులు చేస్తాను. పాదం చప్పుడు కాకుండా పెట్టడం ఒకటి. సులువైన దారిలో వేళ్లు వాడకుండా, పిడికిళ్లు ఆనించి మాత్రమే ఎక్కడం రెండోది. రెండో దానిలో చేతికి పట్టు దొరకదు కాబట్టి కాళ్లు పని నేర్చుకుంటాయి.

కళ్లద్దాల సంగతి మర్చిపోకండి. ప్రోగ్రెసివ్, బైఫోకల్ అద్దాల కింది భాగం పుస్తకం చదివే దూరానికి చేసింది. మన పాదం అంతకంటే చాలా దూరంలో ఉంటుంది. దూరం చూపుకు మాత్రమే ఉండే మామూలు అద్దాలు ఒక జత చేయించుకుని, వెనక తాడు కట్టుకోండి. ఈ చిన్న మార్పుతో నా భయంలో సగం పోయింది. అది భయం అనుకున్నాను, చూపు సరిపోకపోవడం అని తర్వాత తెలిసింది.

వేళ్లను ఏడాదిదాకా నమ్మకండి

2023 సంక్రాంతి సెలవుల్లో వరసగా మూడు రోజులు ఇండోర్ గోడకు వెళ్లాను. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు, ఎంతో ఉత్సాహం. మూడో రోజు సాయంత్రం, వేలి కొసలు మాత్రమే పట్టే సన్నటి అంచును వేళ్లు మడిచి బిగించి పట్టుకున్నాను. కుడి చెయ్యి ఉంగరం వేలి మొదట్లో చిన్న సూది గుచ్చినట్టు అనిపించింది. పెద్ద నొప్పి కాదు. ఇంకో రెండుసార్లు ఎక్కాను. మర్నాడు చపాతీ పిండి కలపలేకపోయాను.

వేలి ఎముక వెంట టెండాన్‌ను అంటిపెట్టి ఉంచే చిన్న పట్టీలు ఉంటాయి, పుల్లీలు అంటారు. అరచేతికీ, వేలి మధ్య కీలుకూ నడుమ ఉన్న పట్టీ మీద ఆ మడత పట్టులో విపరీతమైన బరువు పడుతుంది. నాది కొంచెం చిరిగింది. నాలుగు నెలలు బండ లేదు. మొదటి మూడు వారాలు వేలికి పూర్తి విశ్రాంతి, తర్వాత ఫిజియో చెప్పినట్టు మెత్తటి బంతి, ఆ తర్వాత బియ్యం డబ్బా. మే చివర్లో గానీ మళ్లీ గోడ ముట్టుకోలేదు.

అప్పటి నుంచి నేను తప్పనివి ఇవి. గోడ దగ్గరికి వారానికి రెండుసార్లకు మించి వెళ్లను, మధ్యలో కనీసం 48 గంటలు. మొదటి 20 నిమిషాలు నిచ్చెనలా ఉన్న సులువైన దారులే. వేళ్లు మడిచి బిగించే పట్టు మొదటి ఏడాది అసలు వద్దనుకున్నాను. వేళ్లు తెరిచి, కొక్కెంలా ఆనించి పట్టే పట్టుతో ఎక్కలేని దారి నా దారి కాదని వదిలేశాను. ఇంకో రెండుసార్లు ఎక్కగలను అనిపించినప్పుడే షూ విప్పేస్తాను. ఈ చివరిదే అన్నిటికంటే కష్టం.

నొప్పులను గుర్తుపట్టడం నేర్చుకోండి. మర్నాడు ముంజేతులు, వీపు మొత్తం బరువుగా నొప్పెడితే అది కండ పని చేసిన నొప్పి, రెండు రోజుల్లో పోతుంది. వేలితో చూపించగలిగేలా ఒకేచోట నొప్పి ఉంటే అది టెండానో, కీలో. ఆగాలి. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేనంతగా భుజం నొప్పెడితే డాక్టరుకు చూపించాలి. ఛాతీలో బరువు, దవడ లాగడం, అలవాటు లేని ఆయాసం వస్తే వెంటనే కిందకి, అక్కణ్నుంచి ఆసుపత్రికి.

ఇండోర్ గోడల్లో తాడు లేకుండా పరుపుల మీద ఎక్కే బౌల్డరింగ్ ఎక్కువ. చూడ్డానికి ఎత్తు తక్కువే. కానీ తాడుతో ఎక్కేటప్పుడు జారితే తాడు ఆపుతుంది, ఇక్కడ ప్రతి జారుడూ నేల దాకా వస్తుంది. మొదటి ఆరు నెలలు పై నుంచి తాడు ఉండే టాప్ రోప్ మీదే గడపండి. బౌల్డరింగ్ చేయాలనిపిస్తే సగం ఎత్తుదాకా వెళ్లి, దూకకుండా ఎక్కినట్టే దిగండి. పడితే మోకాళ్లు వంచి వెనక్కి దొర్లండి. చెయ్యి వెనక్కి ఆనించారా, మణికట్టు విరుగుతుంది.

ఏ బండ, ఏ నెల

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఆరు నుంచి పది. గ్రానైట్ చల్లగా ఉన్నప్పుడు రబ్బరు బాగా పట్టుకుంటుంది, వేడెక్కితే అరచెయ్యి చెమటతో జారుతుంది, చర్మం కూడా తొందరగా పోతుంది. వానాకాలంలో నీళ్లు కారిన నల్లటి చారల మీద నాచు ఉంటుంది. ఎండిపోయినట్టు కనిపించినా నమ్మకండి.

మన గ్రానైట్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. గుండ్రటి గుండ్లు అలాగే తయారయ్యాయి. పట్టుకునే ముందు పిడికిలితో తట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా మోగితే ఆ పెచ్చు లాగకండి, దాని కింద ఎవరూ నిలబడకూడదు. కిందున్నవాళ్లకు కూడా హెల్మెట్ అందుకే.

కొండ తేనెటీగలు అన్నిటికంటే పెద్ద ప్రమాదం. చూరులా బయటికి వంగిన రాతి కింద నల్లగా వేలాడే పట్టు కనిపిస్తే ఆ వైపు వెళ్లకండి, ఆ రోజుకు చోటు మార్చేయండి. సెంటు పూసుకోకండి, దగ్గర్లో పొగ పెట్టనీయకండి. తాడుకు వేలాడుతున్న మనిషి పరుగెత్తలేడు.

భువనగిరి కోట రక్షిత కట్టడం. సొంతంగా తాళ్లు కట్టకుండా అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్లతో వెళ్లండి. ఎక్కడానికి ముందు రాళ్లతో మళ్లీ పరిచయం చేసుకోవాలంటే, హైదరాబాద్‌లో 1996 నుంచి ఉన్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు రాక్ వాక్‌లు పెడతారు, నడిచి రావచ్చు. నేను 1987లో ఎక్కిన గుండ్లు గచ్చిబౌలి వైపు కొన్ని ఇప్పుడు లేవు. పగలగొట్టి పునాదులు తీశారు. మిగిలిన వాటి దగ్గరికి వెళ్లినప్పుడు పగిలిన సీసా పెంకులు ఏరి సంచిలో వేసుకుని రండి, చేతులతో, కాళ్లతో బండను పట్టుకునే మనకే ముందు గుచ్చుకుంటాయి.

జేబులో నువ్వుల ముద్ద ఒకటి, నీళ్లు లీటరున్నర. షుగర్ మందులు వాడేవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కకూడదు.

దిగడం

చివర్లో రాస్తున్నా మొదట నేర్చుకోవాల్సింది ఇదే. ప్రతి కొత్త దారిలో ముందు ఐదడుగులు ఎక్కి, అవే ఐదడుగులు దిగండి. తర్వాత పది, పది. దిగేటప్పుడు చేతులు ఛాతీ కంటే కిందకి తెచ్చి, నడుము పక్కకు తిప్పి పాదం చోటు చూడండి. మోకాలు నెమ్మదిగా వంగాలి, ధబ్బున కూలకూడదు. పైదాకా వెళ్లాక టాప్ రోప్ మీద దింపమని అడగడానికి మొహమాటపడకండి. దింపేటప్పుడు కాళ్లు వెడల్పుగా పెట్టి, వెనక్కి వాలి, బండ మీద నడుస్తున్నట్టు రండి. గుట్ట నుంచి కిందకి నడిచి వచ్చే దారిలో కర్ర వాడతాను. మోకాళ్లకు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే బరువు ఎక్కువ.

ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని, వేలి కొసలకు కొబ్బరినూనె రాసి, నోటుబుక్కులో నాలుగు లైన్లు రాస్తాను. బడిలో రికార్డు రాయించే అలవాటు. తేదీ, చోటు, ఏ దారి, ఎన్నిసార్లు, ఎక్కడ నొప్పి. పోయిన డిసెంబరులో ఒక ఆదివారం రాసినది ఇదీ: భువనగిరి. పొద్దున 7 గంటలు. చలి. పిల్లలు ఎక్కే మొదటి స్లాబ్, టాప్ రోప్, మూడుసార్లు. పదమూడో ఎక్కం, పద్నాలుగో ఎక్కం. మూడోసారి పై నుంచి కింది దాకా తాడు మీద వేలాడకుండా దిగాను. ఎడమ మోకాలు కొంచెం. కుడి ఉంగరం వేలు, నొప్పి లేదు.